మూర్ఛవ్యాధి ఉన్నవారు పూర్తి మత్తుతో జరిగే ఆపరేషన్‌కు ఎలా సిద్ధం కావాలి?

పిత్తాశయంలో రాళ్లు కావచ్చు, హెర్నియా కావచ్చు, గర్భసంచి కావచ్చు, బండి మీద నుంచి పడి విరిగిన ఎముక కావచ్చు; ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పగానే మూర్ఛవ్యాధి ఉన్నవారి ఇంట్లో మొదట తలెత్తే ప్రశ్న, ఫిట్స్ వచ్చే మనిషికి మత్తు ఇవ్వవచ్చునా అన్నది. ఇవ్వవచ్చు. మూర్ఛవ్యాధి ఉన్నంత మాత్రాన పూర్తి మత్తు పనికిరాదన్న నియమం ఏదీ లేదు. పైగా మనిషిని నిద్రపుచ్చడానికి వాడే ప్రొపోఫాల్, థయోపెంటోన్, మిడాజోలామ్ వంటి మందులకు ఫిట్స్‌ను అణచే గుణం ఉంది. ఎంతకూ ఆగని ఫిట్స్‌తో ఐసీయూలో చేరినవారికి చివరకు ఇచ్చేవి కూడా ఈ మందులే.

అయినా ఆపరేషన్‌కు ముందో వెనుకో కొందరికి ఫిట్స్ వస్తాయి. ఎందుకు వచ్చాయని వెతికితే, మత్తుమందు కంటే ముందు కనిపించే కారణాలు వేరే ఉంటాయి: వేళకు పడని గోలీ, రాత్రంతా నిద్ర లేకపోవడం, జ్వరం, ఒంట్లో సోడియం గానీ చక్కెర గానీ పడిపోవడం, హఠాత్తుగా మానేసిన కల్లు లేదా సారా, నొప్పికి ఇచ్చిన తగని ఇంజెక్షన్. ఆపరేషన్‌కు ముందు నెలల్లో మీకు ఫిట్స్ ఎంత తరచుగా వస్తున్నాయి, చివరిది ఎప్పుడు వచ్చింది అన్నవి అన్నింటికంటే పెద్ద సూచనలు. వీటిలో చాలావాటిని మీరూ, మీతో ఉండే మనిషీ ముందే చూసుకోగలరు. అలా చూసుకోవడానికే ఈ వివరాలు. మందుల మోతాదు మార్చడం మాత్రం మీ వైద్యుల పని. ఇది చదివి ఒక్క గోలీ కూడా పెంచవద్దు, తగ్గించవద్దు.

జబ్బును దాచకండి

వరంగల్ పట్టణంలోనైనా, ములుగు, పరకాల, నర్సంపేట వైపు పల్లెల్లోనైనా మూర్ఛను బయటికి చెప్పుకోని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో, లేదా అత్తగారింట్లో ఆ సంగతి తెలియని కోడలి విషయంలో, ఈ గోప్యత దవాఖాన దాకా వస్తుంది. మత్తు డాక్టర్ వచ్చి “ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా?” అని అడిగినప్పుడు మంచం చుట్టూ నలుగురు బంధువులు నిలబడి ఉంటే, “ఏమీ లేవు” అన్న జవాబు రావడంలో ఆశ్చర్యం లేదు. అటువంటి పరిస్థితి మీదైతే, డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. రోగి చెప్పిన విషయాన్ని ఇతరులకు చెప్పకపోవడం వైద్యుల వృత్తి ధర్మం.

దాచితే నష్టం మూడు విధాలుగా ఉంటుంది. మీరు రోజూ వేసుకునే గోలీలు కేస్ షీట్‌లోకి ఎక్కవు కాబట్టి వార్డులో ఎవరూ వాటిని ఇవ్వరు. మీకు పడని నొప్పి మందులు, యాంటీబయాటిక్‌లు తెలియక రాస్తారు. అన్నింటికంటే ముఖ్యంగా, ఆపరేషన్ తర్వాత మీరు ఆలస్యంగా మేల్కొన్నా, ఒళ్లు కొట్టుకున్నా, దాని కారణం కోసం డాక్టర్లు చీకట్లో వెతకవలసి వస్తుంది. సర్జన్‌కు చెప్పాం కదా అని ఊరుకోవడమూ చాలదు. సర్జన్‌కు చెప్పిన మాట మత్తు డాక్టర్ దాకా చేరిందని అనుకోకుండా, ఆయనకు విడిగా చెప్పండి.

తేదీ ఖాయం చేసుకునే ముందు

అత్యవసరం కాని ఆపరేషన్లను మనవాళ్లు సాధారణంగా పత్తి ఏరడం, వరి కోతలు అయ్యేదాకా వాయిదా వేసుకుంటారు. ఆరోగ్యశ్రీ కింద చేయించుకునేవారికి అనుమతి వచ్చేదాకా కూడా కొంత వ్యవధి ఉంటుంది. ఆ సమయాన్ని ఊరికే పోనివ్వకుండా, మీకు ఫిట్స్ మందులు రాసే న్యూరాలజిస్టును ఒకసారి కలవండి. మీరు వెళ్లేది వరంగల్‌లోని ఎంజీఎం దవాఖానకు కావచ్చు, హనుమకొండలోని ప్రైవేటు క్లినిక్‌కు కావచ్చు, హైదరాబాద్‌లోని నిమ్స్‌కు కావచ్చు. ఎక్కడైనా సరే, ఏ ఆపరేషన్, ఎప్పుడు, ఏ మత్తుతో జరుగుతుందో చెప్పి, ఓపీ చీటీ మీద మూడు విషయాలు రాయించుకోండి: ఇప్పుడు వాడుతున్న మందులు కొనసాగించాలని, నోటితో మింగలేని పరిస్థితి వస్తే బదులుగా ఏ ఇంజెక్షన్ ఎంత మోతాదులో ఇవ్వాలని, ఫిట్ వస్తే మొదట ఏమి ఇవ్వాలని. రెండో విషయమే చాలామంది అడగరు, అవసరమయ్యేది మాత్రం ఎక్కువగా అదే.

ఇటీవల ఫిట్స్ ఎక్కువైతే ఆ సంగతి కూడా దాచకండి. కొన్ని వారాలు ఆగితే నష్టం లేని ఆపరేషన్ అయితే, మందులు సర్దుబాటు చేసి, ఫిట్స్ అదుపులోకి వచ్చాక చేయడమే మేలని న్యూరాలజిస్టు అనవచ్చు. ఆ సలహా వినండి. నెలసరి రోజుల చుట్టూ ఫిట్స్ పెరిగే స్త్రీలు కొందరున్నారు. మీకు అలా ఉంటే ఆ రోజులు తప్పించి తేదీ అడగండి. ఉదయం మొదటి వరుసలో మీ ఆపరేషన్ పెట్టమని కోరడం కూడా న్యాయమైన కోరికే, ఎందుకంటే మధ్యాహ్నం దాకా పస్తుండి, ఉదయం గోలీ సంగతి తేలక కూర్చోవడం ఈ జబ్బు ఉన్నవారికి మంచిది కాదు.

ఎక్కడ చేయించుకోవాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. చిన్న పట్టణాల్లోని నర్సింగ్ హోంలలో చాలాచోట్ల మత్తు డాక్టర్ ఆపరేషన్ సమయానికి బయటి నుంచి వచ్చి, రోగి మేల్కొన్నాక వెళ్లిపోతారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, చిన్న ఆపరేషన్‌కు అది సరిపోవచ్చు. ఫిట్స్ అదుపులో లేని మనిషికి మాత్రం, రాత్రి రెండు గంటలకు ఫిట్ వస్తే చూసే డాక్టర్ ఎవరు, ఐసీయూ, వెంటిలేటర్ ఉన్నాయా అని ముందే అడగాలన్నది నా అభిప్రాయం. ఆ ప్రశ్నకు విసుక్కునే చోట ఈ ఆపరేషన్ చేయించుకోకపోవడమే మంచిది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆపరేషన్ అందులో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. అక్కడ చేరినా మీ ఫిట్స్ గోలీలు మీ దగ్గర ఉంచుకోండి, దాని కారణం తర్వాత చెబుతాను.

ఒక చీటీ రాసుకోండి

గోలీల పట్టీలన్నీ ముందు పెట్టుకుని, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవి రాయండి: ప్రతి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు; ఫిట్స్ ఎప్పటి నుంచి ఉన్నాయి, చివరిది ఏ తేదీన వచ్చింది; వచ్చినప్పుడు ఎలా ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది, తర్వాత ఎంతసేపు మగతగా ఉంటారు; ఏ మందుకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి; ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది కలిగిందా. “తెల్ల గోలీ పొద్దున ఒకటి, గులాబీ గోలీ రాత్రి ఒకటి” అని చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పట్టీ మీద పేరు చివర ఉండే చిన్న పదాన్ని కూడా వదలకుండా రాయండి. టెగ్రిటాల్ వేరు, టెగ్రిటాల్ సీఆర్ వేరు. ఎన్‌కోరేట్ వేరు, ఎన్‌కోరేట్ క్రోనో వేరు. సీఆర్, క్రోనో రకం గోలీలు మెల్లగా కరిగేవి కాబట్టి వాటిని నలిపి గొట్టం ద్వారా ఇవ్వకూడదు.

ఎవరైనా మీ ఫిట్‌ను ఫోన్‌లో వీడియో తీసి ఉంటే దాన్ని మత్తు డాక్టర్‌కు చూపించండి. మాటల్లో చెప్పలేనిది అర నిమిషం వీడియో చెబుతుంది, ఆపరేషన్ తర్వాత కనిపించే కదలిక మీ మామూలు ఫిటా కాదా అని తేల్చడానికి కూడా పనికి వస్తుంది. ఈ చీటీని మూడు ప్రతులు తీయించి ఒకటి కేస్ షీట్‌కు పిన్ను చేయించండి, ఒకటి మీతో ఉండే మనిషికి ఇవ్వండి, ఒకటి మీ జేబులో ఉంచుకోండి. ప్రమాదం జరిగి 108లో తీసుకువెళ్లవలసి వస్తే, మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్నా ఆ కాగితం మాట్లాడుతుంది.

పీఏసీ రోజు

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చేసే పరీక్షను దవాఖానల్లో పీఏసీ అంటారు. దాన్ని సంతకం కోసం జరిగే తంతుగా చూడకండి. మీరు వాడే మందును బట్టి డాక్టర్ చూడవలసినవి మారుతాయి, అందుకే మందు పేర్లు సరిగా చెప్పడం అవసరం.

వాల్‌ప్రోయేట్ (ఎన్‌కోరేట్ వంటివి) వాడేవారిలో కొందరికి ప్లేట్‌లెట్లు తగ్గి రక్తం గడ్డకట్టడంలో తేడా రావచ్చు. రక్తపరీక్షలో ఆ సంఖ్య చూసుకోవాలి. కార్బమజెపిన్ (టెగ్రిటాల్ వంటివి), ఆక్స్‌కార్బజెపిన్ వాడేవారికి సోడియం తగ్గే అవకాశం ఉంది, సోడియం బాగా తగ్గితే అదే ఫిట్స్‌కు కారణమవుతుంది. లెవెటిరాసెటామ్ మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ చూస్తారు. టోపిరమేట్ రక్తంలో ఆమ్లగుణాన్ని పెంచవచ్చు. ఫెనిటోయిన్, అంటే మనం ఎప్టోయిన్ అని పిలిచేది, ఏళ్ల తరబడి వాడితే చిగుళ్లు పెరిగి దళసరి అవుతాయి. గొంతులో గొట్టం వేసేటప్పుడు ఆ చిగుళ్ల నుంచి రక్తం కారవచ్చు, కదిలే పళ్లు ఊడవచ్చు. చిగుళ్లూ పళ్లూ చూపించండి.

ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫీనోబార్బిటోన్ ఈ మూడింటికీ మరో గుణం ఉంది. ఇవి కాలేయంలో ఇతర మందులను విరగ్గొట్టే ప్రక్రియను చురుకు చేస్తాయి. అందువల్ల ఆపరేషన్‌లో కండరాలను సడలించడానికి ఇచ్చే వెక్యూరోనియం, రోక్యూరోనియం వంటి మందుల ప్రభావం వీటిని దీర్ఘకాలం వాడినవారిలో త్వరగా తగ్గిపోతుంది; నొప్పికి ఇచ్చే ఫెంటానిల్ కూడా ఎక్కువ మోతాదులో పట్టవచ్చు. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ దానికి తగ్గట్టు లెక్క వేసుకుంటారు.

“పూర్తి మత్తు వద్దు, నడుముకు సూది ఇవ్వండి” అని అడిగేవారు ఉంటారు. నాభి కింది భాగంలో చేసే చాలా ఆపరేషన్లు నడుముకు ఇచ్చే మత్తుతో చేయవచ్చు, మూర్ఛవ్యాధి దానికీ అడ్డంకి కాదు. కానీ ఏది తగినదన్నది ఆపరేషన్‌ను బట్టీ, ఫిట్స్ అదుపును బట్టీ మత్తు డాక్టర్ నిర్ణయించాలి. ఫిట్స్ తరచుగా వచ్చే మనిషికి బల్ల మీద మెలకువగా ఉన్నప్పుడు ఫిట్ వస్తే, శ్వాసను కాపాడుతూ ఆపరేషన్ సాగించడం కష్టమవుతుంది.

పసిపిల్లల విషయంలో ఒక మాట. వారికి ఇచ్చేది సిరప్ కాబట్టి మోతాదును చెంచాలతో కాకుండా మిల్లీలీటర్లతో చెప్పండి, సీసాను వెంట తీసుకువెళ్లండి. కీటో ఆహారం, అంటే ఫిట్స్ తగ్గడానికి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా ఇచ్చే ఆహారం మీద ఉన్న పిల్లలకు గ్లూకోజ్ కలిసిన సెలైన్, తీపి సిరప్‌లు ఆ ఆహార ఫలితాన్ని చెడగొడతాయి; ఆ సంగతి డాక్టర్‌కే కాక సిస్టర్‌కూ చెప్పండి. మెడలోని నరాన్ని ప్రేరేపించే యంత్రం ఛాతీ పైభాగంలో చర్మం కింద అమర్చి ఉన్నవారు మన దగ్గర అరుదు. అలాంటివారు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే థియేటర్‌లో వాడే కరెంటు కత్తితో దానికి ఇబ్బంది కలగవచ్చు.

ఆపరేషన్ రోజు ఉదయం గోలీ

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. “రాత్రి నుంచి ఏమీ తినవద్దు, తాగవద్దు” అని సిస్టర్ చెబుతారు. మన మనిషి ఆ మాటను అక్షరాలా పాటించి ఉదయం గోలీ కూడా మానేస్తాడు. మధ్యాహ్నం ఆపరేషన్, సాయంత్రం దాకా మగత, రాత్రి వాంతులు. మొత్తం మీద రెండు మూడు మోతాదులు పోతాయి. లెవెటిరాసెటామ్ వంటి మందు రక్తంలో సగానికి తగ్గడానికి 6 నుంచి 8 గంటలు చాలు. గార్డినాల్ అని పిలిచే ఫీనోబార్బిటోన్ రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి ఒక మోతాదు తప్పినా వెంటనే తేడా తెలియకపోవచ్చు, తక్కినవాటిలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు.

సాధారణ నియమం ఇది: ఫిట్స్ గోలీలను ముందు రోజు రాత్రీ, ఆపరేషన్ రోజు ఉదయమూ మామూలు వేళకు, ఒకటి రెండు గుక్కల నీళ్లతో వేసుకోవాలి. ఆ కొద్ది నీళ్ల వల్ల మత్తుకు ఇబ్బంది ఉండదు. అయినా మీ అంతట మీరు చేయకుండా, పీఏసీ రోజునే మత్తు డాక్టర్‌ను స్పష్టంగా అడిగి, “ఉదయం ఆరు గంటలకు ఈ గోలీ ఇవ్వాలి” అని కేస్ షీట్‌లో రాయించండి. రాసి ఉంటే రాత్రి డ్యూటీ సిస్టర్ అభ్యంతరం చెప్పరు. రాయకపోతే ఆమె వద్దనడంలో తప్పు లేదు.

ఉపవాసం లెక్క కూడా తెలుసుకోండి. పెద్దలకు సాధారణంగా తేలికైన ఆహారం 6 గంటల ముందు, నూనె, మాంసం ఎక్కువ ఉన్న భోజనం 8 గంటల ముందు ఆపాలి; తేటనీళ్లు 2 గంటల ముందు దాకా తాగవచ్చు. పాలు కలిపిన చాయ్, మజ్జిగ, జావ, అంబలి తేట ద్రవాల కిందికి రావు, వాటికీ 6 గంటల నియమమే. తల్లిపాలకు 4 గంటలు. మీ దవాఖాన వేరే వేళలు చెబితే వాటినే పాటించండి. మొక్కు ఉందనో, శనివారమనో, ఏకాదశి అనో ముందు రోజు పగలంతా కూడా పస్తుండటం మాత్రం ఈసారికి మానండి. చక్కెర తగ్గడం, అలసట రెండూ ఫిట్స్‌కు దారి తీస్తాయి.

నిద్ర అంతే ముఖ్యం. ఏటూరునాగారం నుంచో, మహదేవపూర్ నుంచో తెల్లవారుజామున బయలుదేరి వరంగల్ చేరి అదే రోజు ఆపరేషన్ చేయించుకోవడం, లేదా కాజీపేటలో అర్ధరాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి నేరుగా దవాఖానకు పోవడం డబ్బు మిగులుతుందని చేస్తారు. ముందు రోజే చేరి రాత్రి నిద్రపోండి. వార్డులో లైట్లు, ఏడుపులు, పలకరింపులు ఎక్కువగా ఉండి నిద్ర పట్టకపోతే సిస్టర్‌కు చెప్పండి. మత్తు డాక్టర్ నిద్రకు తగిన గోలీ రాయగలరు.

నోటితో మింగలేనప్పుడు

పేగు మీద, కడుపు మీద చేసే ఆపరేషన్ల తర్వాత రెండు మూడు రోజులు నోటితో ఏమీ ఇవ్వకపోవచ్చు. అన్ని ఫిట్స్ మందులకూ ఇంజెక్షన్ రూపం ఉండదు. ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటామ్, లాకోసమైడ్, ఫీనోబార్బిటోన్ నరానికి ఇవ్వవచ్చు. లెవెటిరాసెటామ్‌కైతే గోలీ మోతాదే ఇంజెక్షన్ మోతాదు. కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్, క్లోబజామ్‌లకు మన దవాఖానల్లో దొరికే ఇంజెక్షన్ లేదు. ఇవి వాడేవారికి ఆ కొన్ని రోజులు వేరే మందుతో నెట్టుకురావలసి ఉంటుంది. అది ఏ మందో ఆపరేషన్‌కు ముందే తేలాలి. న్యూరాలజిస్టుతో చీటీ మీద రాయించుకోమన్నది ఇందుకే. లామోట్రిజిన్ కొన్ని రోజులకు మించి ఆగితే మళ్లీ పాత మోతాదుతో ఒక్కసారిగా మొదలుపెట్టకూడదు, తీవ్రమైన దద్దుర్లు వచ్చే ప్రమాదం ఉంది. తక్కువ మోతాదు నుంచి మెల్లగా పెంచుతారు.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తుంటే ఫెనిటోయిన్ ఒంటికి సరిగా పట్టదు, ఆహారానికీ మందుకూ మధ్య ఎడం ఉంచాలి. గ్యాస్‌కు ఇచ్చే యాంటాసిడ్ సిరప్‌తో కలిపి వేసినా అంతే.

మీ గోలీలు మీ దగ్గరే ఉంచుకోమన్నాను కదా. దవాఖాన మందుల దుకాణంలో మీరు వాడే కంపెనీది దొరక్క వేరేది ఇవ్వవచ్చు, కొన్నిసార్లు అసలు ఆ మందే ఉండకపోవచ్చు. కనీసం రెండు వారాలకు సరిపడా, అదే కంపెనీవి, అదే మోతాదువి తీసుకువెళ్లండి. అయితే సిస్టర్‌కు తెలియకుండా వేసుకోవద్దు, మోతాదు రెండుసార్లు పడే ప్రమాదం ఉంది.

కల్లు, సారా సంగతి

దీన్ని విడిగా చెప్పవలసిన అవసరం మన ప్రాంతానికి ఉంది. రోజూ ఎక్కువగా తాగే మనిషి దవాఖానలో చేరి ఒక్కసారిగా ఆపేస్తే, చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. మూర్ఛవ్యాధి లేనివారికే వస్తాయి, ఉన్నవారికి ఆ అవకాశం మరింత. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది తెలంగాణలో అందరికీ తెలిసిన సంగతే. అటువంటి కల్లు ఏళ్ల తరబడి తాగినవారికి అది ఆగిన తర్వాత వణుకు, కలవరింత, ఫిట్స్ కొన్ని రోజులు గడిచాక కూడా మొదలవుతాయి, అంటే ఆపరేషన్ అయి అంతా బాగుందని అనుకునే సమయానికి. కాబట్టి నాన్న, మామ, బావ ఎవరైనా సరే, రోజూ ఎంత తాగుతారో సిగ్గుపడకుండా మత్తు డాక్టర్‌కు చెప్పండి. ఆపరేషన్ ఉందని ముందు రోజు హఠాత్తుగా మాన్పించడం కంటే, కొన్ని వారాల ముందే డాక్టర్ పర్యవేక్షణలో తగ్గించడం మంచిది.

థియేటర్ లోపల

ఇక్కడ మీరు చేయవలసింది దాదాపు ఏమీ లేదు. ఉదయం ఏ గోలీ ఎన్ని గంటలకు వేసుకున్నారో మరొకసారి చెప్పండి. ప్రొపోఫాల్ ఎక్కుతున్నప్పుడు కొందరిలో చేతులు కాళ్లు చిన్నగా అదురుతాయి, అవన్నీ ఫిట్స్ కావు. కండరాలు సడలించే మందు ఇచ్చాక ఫిట్ వచ్చినా ఒళ్లు కదలదు. అందుకే డాక్టర్లు గుండె వేగం, రక్తపోటు, కంటిపాపలు గమనిస్తూ ఉంటారు.

మేల్కొన్న తర్వాత, వార్డులో

ఆపరేషన్ తర్వాత చలితో ఒళ్లంతా వణకడం మామూలే. వణికే మనిషి పిలిస్తే పలుకుతాడు, దుప్పటి కప్పితే కాసేపటికి తగ్గుతుంది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్‌లో స్పృహ ఉండదు, కళ్లు తేలవేస్తారు, నాలుక కొరుక్కోవచ్చు, మూత్రం పడవచ్చు. తేడా తెలియకపోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సిస్టర్‌ను పిలవండి. వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వల్ల కొందరికి మెడ, దవడ వంకర్లు పోతాయి, దాన్ని కూడా ఫిట్ అని పొరబడతారు. చాలాసేపటికీ మేల్కోకపోతే, బయటికి కనిపించని ఫిట్స్ ఏమైనా నడుస్తున్నాయేమోనని మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే ఈఈజీ పరీక్ష తీస్తారు.

ఫిట్ వస్తే మనిషిని పక్కకు తిప్పండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, సమయం చూడండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ, చెప్పు వాసన చూపించడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఫిట్ తనంతట తాను ఆగే సమయానికి అవి పనిచేసినట్టు కనిపిస్తాయి, అంతే. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా స్పృహ రాకముందే మరొకటి వస్తే అది అత్యవసర పరిస్థితి. వార్డులో ఉన్నప్పుడు మాత్రం 5 నిమిషాలు ఎదురుచూడకుండా ఫిట్ మొదలవగానే పిలవాలి, ఎందుకంటే కుట్లు, గొట్టాలు, సెలైన్ సూది అన్నీ ఒంటి మీదే ఉంటాయి.

నొప్పి మందుల దగ్గర జాగ్రత్త అవసరం. ట్రమడాల్ ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. దాన్ని పారాసిటమాల్‌తో కలిపిన గోలీలు వేర్వేరు పేర్లతో, ముఖ్యంగా అల్ట్రాసెట్ అన్న పేరుతో, నొప్పి గోలీలుగా విరివిగా రాస్తారు. పెథిడిన్ కూడా అటువంటిదే. పారాసిటమాల్ వాడవచ్చు. యాంటీబయాటిక్‌లలో సిప్రోఫ్లోక్సాసిన్ తరగతివి, ఇమిపెనెమ్, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో సెఫెపైమ్ ఫిట్స్‌ను ప్రేరేపించవచ్చు. వాల్‌ప్రోయేట్ వాడేవారు గుర్తుంచుకోవలసింది మెరోపెనెమ్. ఇది ఇమిపెనెమ్ కుటుంబానిదే; ఆ కుటుంబంలోని తక్కిన మందుల్లాగే రక్తంలో వాల్‌ప్రోయేట్ స్థాయిని వేగంగా పడగొడుతుంది, మోతాదు పెంచినా లాభం ఉండదు. ఇన్ఫెక్షన్ ప్రాణాంతకమై ఆ మందు తప్పనిసరి అయితే మరో ఫిట్స్ మందు జతచేస్తారు. మీరు డాక్టర్లతో వాదించనవసరం లేదు, “నాకు ఫిట్స్ ఉన్నాయి, వాల్‌ప్రోయేట్ వాడుతున్నాను, ఈ మందు పడుతుందా?” అని అడిగితే చాలు.

గోలీ వేసుకున్న కాసేపటికే వాంతి అయితే, వాంతిలో గోలీ కనిపించిందా లేదా చూసి సిస్టర్‌కు చెప్పండి. మీ అంతట మీరు మరొకటి వేసుకోవద్దు. పరామర్శకు వచ్చే చుట్టాలను మొదటి రెండు రోజులు పగటిపూట మాత్రమే, తక్కువసేపు రమ్మనడం కష్టమైన పనే. మన దగ్గర అలా చెబితే పట్టింపులు వస్తాయి. అయినా రోగి నిద్ర కోసం ఇంటి పెద్ద ఎవరో ఒకరు ఆ మాట చెప్పాలి.

ఇంటికి వెళ్లేటప్పుడు

డిశ్చార్జ్ కాగితంలో కొత్త మందులతో పాటు మీ పాత ఫిట్స్ గోలీలు కూడా రాసి ఉన్నాయేమో చూడండి. లేకపోతే రాయించుకునే కదలండి. కాగితంలో లేవు కాబట్టి ఆపేయమన్నారేమోనని మానేసేవారు ఉన్నారు. బైక్ మీద వెనుక కూర్చుని ఊరికి వెళ్లడం వద్దు. బస్సులోనైనా, ఆటోలోనైనా పక్కన పట్టుకునే మనిషితో వెళ్లండి.

ఇంటికి చేరాక నొప్పి ఎక్కువైందని ఊళ్లో ఆర్‌ఎంపీతో సూది వేయించుకునే ముందు మీ చీటీ చూపించండి, ఏ సూదో పేరు అడిగి తెలుసుకోండి. పేరు చెప్పకపోతే వేయించుకోవద్దు. జ్వరం వస్తే వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను సంప్రదించండి, పుండుకు చీము పట్టి ఉండవచ్చు, జ్వరంతో ఫిట్స్ కూడా తోడవుతాయి. స్నానాల గదికి లోపల గడియ పెట్టకండి. కుట్లు మానేదాకా పొయ్యి దగ్గరా, వ్యవసాయ బావి దగ్గరా, మోటారు దగ్గరా ఒంటరిగా ఉండకండి.

కుట్లు తీయించుకోవడానికి వరంగల్ వచ్చిన రోజే వీలైతే న్యూరాలజిస్టుకు డిశ్చార్జ్ కాగితం చూపించండి. దవాఖానలో తాత్కాలికంగా మొదలుపెట్టిన ఫిట్స్ మందు ఏదైనా ఉంటే దాన్ని ఎప్పుడు, ఎలా ఆపాలో ఆయనే చెప్పాలి. అప్పటిదాకా రెండూ వేసుకుంటూ ఉండండి.